యొర్దానులో వదిలేసిన సీతాఫలం

రత్నం సారు పళ్లెంలో సగం సీతాఫలం మిగిలి ఉంది. ఆ సగం పండు చూపించి ఒక ఆడపిల్లను ఉరికంబం ఎక్కించాలని ఇన్‌స్పెక్టర్ నర్సింగరావు తొందరపడుతున్నాడు.

"ముట్టకు," అన్నాడు నన్ను చూడగానే. "ఇది మీ జనగామ కాదు డిటెక్టివ్ సాబ్, మానుకోట. నా ఇలాకా."

"ముట్ట. వాసన చూస్త. దానికి గూడ నీ పర్మిషన్ కావాల్నా?"

వంగి చూశాను. పండులో తినని సగం నుంచి ఎండ్రిన్ వాసన గుప్పుమంది. పత్తి చేలకు కొట్టే ఆ మందు వాసన మా జిల్లాలో పుట్టినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పళ్లెం అంచున నల్లటి గింజలు కుప్పగా ఉన్నాయి. ఒక్కొక్కటీ చప్పరించి, గుజ్జు పోగు కూడా మిగలకుండా ఉమ్మేసినవే.

నర్సింగరావుకూ నాకూ పాత పగ ఉంది. దాన్ని దాచుకోవడం నాకు చేతకాదు. 1969 తెలంగాణ ఉద్యమం రోజుల్లో అతను జనగామలో సబ్ ఇన్‌స్పెక్టరు, నేను పీయూసీ చదివే కుర్రాణ్ని. అతని లాఠీకి విరిగిన నా ఎడమ చెయ్యి వంకరగా అతుక్కుంది. ఇవాళ్టికీ భుజం దాటి పైకి లేవదు. పదమూడేళ్లుగా చొక్కా తొడుక్కునే ప్రతిసారీ అతని పేరు తలుచుకుంటూనే ఉన్నాను. మంచి మాటలతో మాత్రం కాదు.

"ఎవలు పిలిచిండ్రు నిన్ను? ఫీజు ఎవలిస్తుండ్రు?" అన్నాడు.

"ఎవ్వలు పిలువలే. ఆగయ్య బిడ్డకు బేడీలు ఏసినవని విన్న. వచ్చిన."

ఆగయ్య నాకు ఒకప్పుడు చేసిన మేలు ఒకటుంది. అది నర్సింగరావుకూ తెలుసు. అందుకే ఆ పేరు వినగానే మొహం పక్కకు తిప్పుకున్నాడు.

సంగతి ఇదీ. కిందటేడు ఈస్టరుకు ముందు డోర్నకల్ చర్చి సంఘం నుంచి నలుగురు యేసుప్రభువు పుట్టి పెరిగిన దేశానికి యాత్ర పోయారు. పెద్దమనిషి రత్నం సారు, రిటైరైన హెడ్‌మాస్టరు, భార్య పోయి ఒంటరిగా ఉంటున్నవాడు. ఆయన పక్కింటి బాలనర్సమ్మ, ఆయనకు ఇంత వండిపెట్టే ముసలామె. భూపాలపల్లిలో కాంట్రాక్టులు చేసే ఈశ్వరయ్య సేఠు. నాలుగోవాడు డోర్నకల్ ఆగయ్య, రైలు పట్టాల మీద గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైనవాడు. బేత్లెహేము చూశారు, యెరూషలేము చూశారు. తిరిగొచ్చింది ముగ్గురే. ఆగయ్య యొర్దాను నదిలో నిలబడి ప్రార్థన చేస్తుండగా గుండెనొప్పి వచ్చి, రత్నం సారు చేతుల్లోనే పోయాడని, అక్కడే సమాధి చేశామని చెప్పారు. అంత మంచి చావు ఎవరికి దొరుకుతుందని సంఘమంతా కళ్లు తుడుచుకుంది. ఆగయ్య కూతురు ప్రేమలత ఒక్కతే తుడుచుకోలేదు. దవాఖానలో నర్సు ఆమె. చర్చి మెట్ల మీద నిలబడి, మా బాపును పరాయి మట్టిల పెట్టి వచ్చినోళ్లను ఊకె ఇడిచిపెట్టనని అందరూ వినేట్టు అరిచింది.

నిన్న సాయంత్రం ఆ ప్రేమలత బుట్టెడు సీతాఫలాలు పట్టుకుని రత్నం సారు ఇంటికి వచ్చింది. ఇవాళ పొద్దున సారు కుర్చీలో నోట నురగతో చచ్చి ఉన్నాడు. నర్సింగరావుకు ఇంతకంటే ఏం కావాలి?

ప్రేమలత వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది. కుడిచేతికి బేడీ, దాని గొలుసు కానిస్టేబుల్ బాల్‌సింగ్ చేతిలో. నేను ఎదురుగా గొంతుకూర్చున్నాను.

"పండ్లు ఎందుకు తెచ్చినవమ్మా?"

"సారుకు పానం గదా సీతాఫలమంటే. మానుకోటల ఎవ్వల్నడిగినా చెప్తరు. ఆయననే కబురు పెట్టిండన్నా. మీ బాపు సంగతి ఒకటి చెప్పేదుంది, వచ్చిపో బిడ్డా అన్నడు. ఒట్టి చేతుల పోతే ఏం బాగుంటదని బయ్యారం గుట్టల పండ్లు కొనుక్కొచ్చిన."

"చెప్పిండా?"

"లే. నేను వచ్చేవరకే ఈశ్వరయ్య సేఠు కూసోని ఉండె. సారు మొహం మొహం లెక్క లేదు. రేపు రా బిడ్డా అన్నడు. పండ్లు అక్కడ పెట్టి డోర్నకల్ బండికి ఉరికిన." బేడీ ఉన్న చెయ్యి ఒళ్లోకి లాక్కుంది. "అన్నా, అబద్ధమెందుకు, నాకు సంపాలని ఉండె. కానీ నిజం తెలువకముందే ఎట్ల సంపుత? ఎవల్ని సంపాల్నో తెలువాలె గదా ముందు."

ఉన్నమాట మొహం మీద చెప్పే మనుషులంటే నాకు గౌరవం. పోలీసులకు మాత్రం అదే సాక్ష్యం.

"మీ బాపు గుండెనొప్పితోని పోయిండంటే ఎందుకు నమ్మలేదు?"

"మాత్రలు నేనే ఇచ్చి పంపిన. నొప్పి రాంగనే నాలుక కింద ఒకటి పెట్టుకోమని ఒకటికి పదిసార్లు చెప్పిన. ఆయనకు చదువు రాదు, వేరే డబ్బీతోని కల్వకుండ పాత నస్యం డబ్బీల పోసి, మూత మీద గోళ్ల రంగుతోని ఎర్రచుక్క పెట్టిన. సారు వాళ్లు బాపు చెప్పులు తెచ్చిండ్రు, బైబిలు తెచ్చిండ్రు, కంబలి తెచ్చిండ్రు. డబ్బీ తేలే."

లోపలికి వచ్చాను. నర్సింగరావు కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని సిగరెట్టు ముట్టించాడు, చావు ఇల్లన్న లెక్క కూడా లేకుండా.

"ఒక్క మాట చెప్పు నర్సింగరావూ. గింత కంపు కొట్టే పండును ఎవలన్న సగం దాక తింటరా?"

"ముసలోడు. ముక్కు పని చెయ్యదు."

"తినని సగంల విషం కొడ్తున్నది. తిన్న సగం గింజలల్ల వాసనే లేదు. నువ్వే చూడు."

అతను చూడలేదు. "నాకు కండ్లతోని చూసిన సాక్షి ఉన్నడు. సారు ఆ పండు తింటుంటే ఈశ్వరయ్య సేఠు ఎదురుంగనే కూసున్నడు. నువ్వు గింజలు లెక్కపెట్టుకో."

వంటింటి గుమ్మంలో బాలనర్సమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. ఏడుస్తోంది సరే. కానీ ఆ పళ్లెం వైపు చూసినప్పుడల్లా తల అడ్డంగా ఊపుతోంది. ఆమెను లోపలికి తీసుకుపోయాను.

"అవ్వా, ఇంట్ల ఏమన్న మారిందా? ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"గ్లాసు బిడ్డా." అలమర వైపు చూపించింది. ఒక ఇత్తడి గ్లాసు కడిగి బోర్లించి ఉంది. "సారు దినాము పొద్దుగూకంగ నేలవేము కషాయం తాగుతడు. ముక్కు మూసుకోని ఒక్క గుక్కల మింగి, గ్లాసు కిటికీల పెడ్తడు. పొద్దుగాల నేను వచ్చి కడుగుత. ఇన్నేండ్లల్ల ఒక్కపారి ఆయన కడుగలే. ఇయ్యాల నేను వచ్చేవరకే కడిగి ఉన్నది."

ముక్కు మూసుకుని ఒక్క గుక్కలో. ఎండ్రిన్ ఎలా లోపలికి పోయిందో నాకు తెలిసిపోయింది. మరి పండు సంగతేమిటి?

"సారు ఆ సీతాఫలం తిన్నడంటవా?"

"తినలే. తినడు."

"ఊరంత తింటడంటున్నది, నువ్వు తినడంటవేంది?"

ఆమె గోడ మీది సిలువ వైపు చూసి, ఎవరైనా వింటున్నారేమోనని గుమ్మం వైపు చూసింది. ఆ బెదురు చూపు నేను ఎక్కడో చూశాను. కాస్త ఆలోచిస్తే మా అమ్మ గుర్తొచ్చింది. మా అమ్మ కాశీకి పోయి గంగలో మునిగి కాకరకాయ వదిలేసి వచ్చింది. ఇష్టమైంది వదలాలని నియమం. ఆమెకు కాకరకాయంటే పుట్టినప్పటి నుంచి గిట్టదు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే మా అమ్మ సరిగ్గా ఇలాగే చూసేది.

"అవ్వా," అన్నాను మెల్లగా, "సారు యొర్దానుల సీతాఫలం వదిలేసిండా?"

బాలనర్సమ్మ రెండు చేతులతో నా చెయ్యి పట్టేసుకుంది. "పాస్టరయ్యకు చెప్పకు బిడ్డా, నీ కాల్మొక్కుత! హిందువుల అలవాటని సంఘంల నుంచి ఎల్లగొడ్తడు. నేనే చెప్పిన సారుకు. మా అత్త కాశీల మునిగి వంకాయ వదిలింది. గంత దూరం వచ్చి ప్రభువు మునిగిన నీళ్లల్ల మునిగి, ఏం వదలకుండ ఎట్ల పోదుమని. నేను ఉప్పుచేప వదిలిన. సారు సీతాఫలం అన్నడు. నవ్వుకున్నం, ఏడ్చినం. ఎవ్వలకు చెప్పొద్దని ఒట్టేసుకున్నం, నేను, సారు."

"నువ్వు, సారు. మరి ఈశ్వరయ్య? ఆగయ్య?"

ఆమె నా చెయ్యి వదిలేసింది. కొంగు మళ్లీ నోట్లో కుక్కుకుని గుమ్మంలోకి పోయింది.

ఈశ్వరయ్య ముందుగదిలో, పరామర్శకు వచ్చినవాళ్ల మధ్య, ఒళ్లో బైబిలు పెట్టుకుని కూర్చున్నాడు. జనగామ సేట్ల ఇంటి మనిషి. కొడుకు రామ్మోహన్ అరవై తొమ్మిదిలో పోలీసు లాకప్‌లో పోయాడు. ఆ తర్వాత సేఠు వ్యాపారం భూపాలపల్లికి మార్చి, డోర్నకల్ సంఘంలో బాప్తిస్మం తీసుకున్నాడు. భూపాలపల్లి మనిషికి డోర్నకల్ సంఘమెందుకని ఎవరూ అడగలేదు. రామ్మోహన్, నేను ఒకే బెంచీ. లాకప్‌లో కూడా ఒకే మూల పడ్డాం. నేను బయటికి వచ్చాను, వాడు రాలేదు. అప్పటి నుంచి ఈ తండ్రి నా మొహం చూడటానికి ఇష్టపడలేదు.

మిగతావాళ్లను బయటికి పంపమన్నాను. నర్సింగరావు సణుగుతూనే పంపాడు. నా ఓటమి చూడాలని అతనికీ ఉంది. గదిలో మేం ముగ్గురం, గుమ్మంలో బాలనర్సమ్మ. వరండా తలుపు తెరిచే ఉంది. అవతల ప్రేమలత వింటోందని నాకు తెలుసు. విననీ అనే నేను తలుపు వెయ్యలేదు.

"కాకా, నిన్న సారు పండు తింటుంటే చూసిండ్రా?"

"నా కండ్లతోని చూసిన బిడ్డా." సేఠు చొక్కా జేబులో చెయ్యి పెట్టి ఏదో కదిపాడు. చిన్నగా గలగలమంది. "ఆ పిల్ల పోంగనే ఒకటి పలగ్గొట్టిండు. సీతాఫలమంటే ఆయనకు ఎంత పావురమో తెల్వదా? యెరూషలేం బజార్ల గూడ సీతాఫలం ఉన్నదా అని అడిగిండు. సగం తిన్నడు. నాకు బస్సు యాళ్లయితున్నదని లేచిన. గదే ఆఖరు సూపు."

"యొర్దానుల నలుగురు దిగిండ్రా?"

"నలుగురం. చేతులు పట్టుకోని దిగినం."

"మరి నీళ్లల్ల మీరేం వదిలేసిండ్రు కాకా?"

"పాపాలు వదిలేసిన."

"పాపాలు సరే. తినేటిది?"

ఆయన అర్థం కానట్టు చూశాడు. నర్సింగరావు నవ్వాడు. నేను నవ్వలేదు.

"మీ నాయిన కాశీకి పోయి ఏం వదిలిండు?"

"చిక్కుడుకాయ," అన్నాడు ఈశ్వరయ్య, అలవాటుగా. అన్న తర్వాత ఆగిపోయాడు. చూపు మెల్లగా లోపలి గదిలో పళ్లెం ఉన్నవైపు తిరిగింది. జేబులో గలగల ఆగింది.

"అందరికంటె ముందు మీకు తెల్వాల్సింది కాకా. కాశీకి పోయొచ్చిన ఇల్లు మీది. కిరస్తానీలు గూడ గట్ల చేస్తరని మీకు తోచలే. సారు సీతాఫలం ముట్టక యాడాదైంది. ఆ నీళ్లల్ల నిలబడ్డోళ్లకు తెలుసు ఆ సంగతి. మీకు తెల్వదు. మీరు నీళ్లల్ల లేరు. పండు మీరే తిని గింజలు ఉమ్మిండ్రు, మిగిలిన సగంల మందు పోసిండ్రు. అసలు మందు కషాయంల పోసి గ్లాసు కడిగిండ్రు."

"కాశీ ముచ్చట్లు కోర్టుల నడుస్తయా?" అని నర్సింగరావు లేచాడు. "ఇగ చాలు, నడువు బయటికి!"

"ఈశ్వరయ్య నీళ్లల్ల దిగలే."

ఆ మాట గుమ్మంలోంచి వచ్చింది. బాలనర్సమ్మ కొంగు వదిలేసి నిటారుగా నిలబడింది. "ఆ దినం ఆగయ్యకు ఆయాసముండె. నేను చూసుకుంట, మీరు పోండ్రని ఈశ్వరయ్య బసల ఆగిండు. మేం వచ్చేవరకు ఆగయ్య పానం పోయింది. రోగంల ఉన్న తోటి మనిషిని ఇడిచి స్నానానికి పోయినమంటే మొహం ఎట్ల చూపెట్టాలె? నీళ్లల్లనే పోయిండని చెప్పుదమన్నడు సారు. బిడ్డకు గూడ మనసు చల్లగుంటదన్నడు. యాడాది సంది ఆ అబద్ధం నా కడుపుల కుళ్లుతున్నది."

వరండాలో గొలుసు చప్పుడైంది.

"ఆగయ్య మీకేం చేసిండు కాకా?" అన్నాను.

ఈశ్వరయ్య బైబిలు మూసి పక్కన పెట్టాడు. పన్నెండేళ్లు సాధువులా తిరిగిన మొహం ఒక్క క్షణంలో ఊడిపోయింది.

"ఏం చేసిండా? పట్టాలు పీకిండని నా రామ్మోహన్ పేరు చెప్పింది వాడే! వాని కోసమే మతం మారిన. వాని పక్కన కూసోని పాటలు పాడిన. వాడు తినే రొట్టె తిన్న. ఆ దినం వానికి నొప్పి లేసింది. డబ్బీ అందుకోబోయిండు. నేను తీసుకున్న. వాని మొహం ముందట గలగల ఊపిన. నా కొడుకు పేరు చెప్పిన. చెయ్యి సాపుకుంటనే పోయిండు." ఊపిరి అందక ఆగాడు. "సారు నా చేతుల డబ్బీ చూసిండు. అప్పుడు భయపడి నోరు మూసుకున్నడు. ఇప్పుడు ముసలితనంల సత్యం గుర్తుకొచ్చింది ఆయనకు. ఆ పిల్లకు చెప్తనన్నడు. ఇగ ఆయన్ను గూడ పంపిన."

"ఆగయ్యనే రామ్మోహన్ పేరు చెప్పిండని మీకెవలు చెప్పిండ్రు?"

ఈశ్వరయ్య నర్సింగరావు వైపు చూశాడు. అతని సిగరెట్టు బూడిద ప్యాంటు మీద రాలింది.

పదమూడేళ్లు ఈ నిమిషం కోసమే ఎదురుచూశానేమో. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "కాకా, ఆ దినం లాకప్ల రామ్మోహన్ పక్కన నేనున్న. ఆ రాత్రి పట్టాల డ్యూటీల ఉన్న ఆగయ్యను తెచ్చి, పీకింది వీళ్లేనా అని మమ్ముల చూపెట్టి అడిగిండ్రు. ఇద్దరి పానాలు ఆయన నోట్ల ఉండె. నాకు చీకట్ల ఎవ్వలు కనవడలే బాంచెన్ అన్నడు. ఎన్ని దెబ్బలు కొట్టినా అదే మాట. ఒక్క పేరు చెప్పలే. ఆ మాటకు ఇంకింత రెచ్చిపోయి నా చెయ్యి ఇరగ్గొట్టింది, మీ కొడుకును సంపింది, ఈ నర్సింగరావు. పీనుగ కోసం వచ్చిన తండ్రికి సమాధానం చెప్పాలె గదా, తప్పంత ఆగయ్య మీదికి తోసిండు."

"అబద్ధం!" అని అరిచాడు నర్సింగరావు. కానీ ఆ అరుపులో పోలీసు లేడు, దొరికిపోయిన దొంగే ఉన్నాడు.

ఈశ్వరయ్య తన చేతుల వైపు చూసుకున్నాడు. తర్వాత ఆ చేతులే ఛాతీ మీదికి పోయాయి. మొహం చెమటతో తడిసి, కుర్చీలోంచి పక్కకు ఒరిగి నేల మీద పడ్డాడు. జేబులోంచి డబ్బీ జారి, దొర్లుకుంటూ పోయి నర్సింగరావు బూటు దగ్గర ఆగింది. పాత నస్యం డబ్బీ. మూత మీద చెరిగీ చెరగని ఎర్రచుక్క.

కొడుకు పగకు గుర్తుగా ఆగయ్య డబ్బీనే దాచుకుని, అందులో తన మాత్రలు పోసుకున్నాడన్నమాట. ఆయనకూ అదే జబ్బు.

నర్సింగరావు డబ్బీ చూశాడు. కింద కొట్టుకుంటున్న మనిషిని చూశాడు. తీరిగ్గా, ఏమీ ఎరగనట్టు, డబ్బీ మీద బూటు పెట్టాడు.

"దవాఖానకు కబురు పంపుదం," అన్నాడు. "తొందరేం లేదు."

ఈశ్వరయ్య పోతే లాకప్ చావు గురించి నోరు తెరిచేవాడు నేనొక్కణ్నే మిగులుతాను. నా మాటకు పగ అని పేరు పెట్టడం సులభం. సీతాఫలం కేసు ప్రేమలత మీదే ఉండిపోతుంది.

"తియ్యి కాలు."

ప్రేమలత గుమ్మంలో ఉంది. గొలుసుతో పాటు బాల్‌సింగ్‌ను కూడా లాక్కొచ్చింది. ఆమె చూపు బూటు అంచున కనిపిస్తున్న ఎర్రచుక్క మీద నుంచి కదల్లేదు. "మా బాపు డబ్బీ అది. కాలు తియ్యి!"

నేను ఆగలేదు. కుడి భుజంతో నర్సింగరావు రొమ్ము మీద గుద్దాను. అతను కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. ప్రేమలత మోకాళ్ల మీద పడి డబ్బీ అందుకుంది. మూత తీసింది. మాత్ర వేళ్ల మధ్య పెట్టుకుని, ఈశ్వరయ్య మొహం మీదికి వంగి ఆగిపోయింది. ఆయన చెయ్యి చాపాడు. ఆమె తండ్రి చాపినట్టే.

 మాత్ర పారేస్తే నేను ఆమెను తప్పు పట్టను. ఆ మాట పైకి అనకుండా ఉండటానికి పళ్లు బిగబట్టుకున్నాను.

"నోరు తెరువు," అంది ప్రేమలత. "గింత అల్కగ పోనిస్త అనుకున్నవా? బతుకు. మా బాపు ఎట్ల చెయ్యి సాపిండో కోర్టుల నిలబడి నువ్వే చెప్పాలె. నేను ముందల కూసోని వింట."

బేడీ ఉన్న చేత్తోనే గడ్డం పట్టి, మాత్ర నాలుక కింద పెట్టింది. నాడి పట్టుకుని కూర్చుంది. కాసేపటికి ఆయన ఊపిరి మెల్లగా దారిలోకి వచ్చింది. కళ్లు తెరిచాడు. ఆమె వైపు చూడలేకపోయాడు. నేల మీంచి లేస్తున్న నర్సింగరావును చూశాడు.

"నా కొడుకును సంపింది వీడు," అన్నాడు గొణుగుతున్నట్టు. "రాసుకోండ్రి. అన్ని రాసుకోండ్రి. నేను చేసింది, వీడు చేసింది."

బాల్‌సింగ్ తన ఇన్‌స్పెక్టరును చూశాడు. ఈశ్వరయ్యను చూశాడు. తాళంచెవి తీసి ప్రేమలత చేతి బేడీ విప్పాడు. తెరిచిన బేడీలు పట్టుకుని, ఇక ఎవరి చేతికి వెయ్యాలో తెలియక, నా వైపు తిరిగాడు.

నర్సింగరావు చెయ్యి నడుముకున్న పిస్తోలు మీద ఉంది.

నేను నా వంకర చెయ్యి ఎత్తి అతన్ని చూపించాను. అది భుజం దాకానే లేస్తుంది. ఆ పనికి అంత ఎత్తు చాలు.